తువ్వాలు కింద చెప్పిన నిజం

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు మనస్తత్వశాస్త్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నలుగురూ అన్నదే మనమూ ఎందుకంటామో, ఆ సంగతి పరీక్షలు పెట్టి ఎలా కనుక్కుంటారో చదివి వినిపిస్తుంటే, కళ్ళు మూసుకుని వింటున్న నేను ఏ క్షణాన జారిపోయానో గాని, కర్నూలు రాజధానిగా ఉండి సర్కారు కచేరీలు గుడారాల్లో నడిచిన ఆ రోజుల్లోకి, పంతులు ట్రైనింగులో చేరిన మా హాస్టలు వసారాలోకి వెళ్ళిపోయాను. ఆ ఎండలెలాంటివో నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు.

మాకు వండిపెట్టే ఆయన బద్వేలు వైపు మనిషి, అందరం మామా అనేవాళ్ళం. ఆయన చేతి రాగిసంగటి తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. అలాంటిది, ఒకరోజు మాకందరికీ పెద్దన్నలా మెలిగే ఒకాయన ముద్ద ముక్కు దగ్గర పెట్టుకుని, కిరసనాయిలు కొడుతోందని కంచం తోసేశాడు. వెంటనే పక్కవాడికీ కొట్టింది, ఆ పక్కవాడికీ కొట్టింది. వార్డెనుగారు వచ్చి, వాసన వచ్చినవాళ్ళు చేతులెత్తమంటే ముప్ఫైమందిమీ ఎత్తాం. నాకైతే ఏ వాసనా రాలేదు, అయినా నా చెయ్యి నన్నడక్కుండానే లేచింది. వారం తిరిగేలోగా మామను పంపేయాలని తేల్చేశారు. ముగ్గురు బిడ్డల తండ్రి, ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని తన అరచేతులు తానే వాసన చూసుకుంటూ, “ఇంతమంది చెప్తాంటే అబద్ధమెట్లయితాదప్పా, నా ముక్కే పోయినట్లుండాది” అన్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

మనస్తత్వశాస్త్రం చెప్పే మాస్టారు మాత్రం, మా చేతులు పక్క చేతుల్ని చూసి లేచాయే గాని ముద్దను చూసి కాదని, ఒక్కొక్కరినీ విడిగా అడగాలని పట్టుబట్టారు. చీటీలు రాయిద్దామంటే మా అందరి దస్తూరీ ఆయనకు కంఠతా వచ్చు. అప్పుడు నేను, ఆలూరు దగ్గర ఎద్దుల దళారి కొడుకును కనుక, సంతలో మా నాయన చేసే పద్ధతి చెప్పాను. అక్కడ బేరం నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పుకుని వేళ్ళు పట్టుకుంటారు, చుట్టూ వందమంది ఉన్నా ఆ మాట ఆ రెండు చేతులకే తెలుస్తుంది.

మాస్టారు చెయ్యి వెనక్కి చాపి, దాని మీద తువ్వాలు కప్పించుకుని, గోడవైపు ముఖం తిప్పి కూర్చున్నారు. వాసన వచ్చినవాళ్ళు ఒక వేలు, రానివాళ్ళు అయిదు వేళ్ళూ పట్టుకోవాలి. నా వంతు వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెడితే, చల్లటి చీకట్లో సుద్దపొడి అంటిన ఆయన వేళ్ళు తగిలాయి, అయిదూ గట్టిగా పట్టుకున్నాను, ఎందుకో ఏడుపొచ్చింది. చివరికి ఒక్క వేలు పట్టినవాళ్ళు ఇద్దరే తేలారు. మామ పని పోకుండా నిలిచింది. అయితే అసలు వాసనే రాలేదన్న మాట మామకు ఎవరు చెబుతారని మాస్టారు అడిగితే, ముప్ఫైమందిమీ మళ్ళీ ఒక్కటై తలలు దించుకున్నాం. చివరికి ఆయనే వెళ్ళి, నీ ఉద్యోగానికేం ఢోకా లేదని మాత్రం చెప్పి వచ్చారు.

ఆ తర్వాత మేం చదువు ముగించి వెళ్ళేదాకా, ప్రతి పూటా వడ్డించే ముందు మామ గరిటె ఎవరో ఒకరి ముక్కు దగ్గర పెట్టి, “వాసనేమన్నా వస్తాందా, చూడప్పా” అని అడిగేవాడు. లేదు మామా అనేవాళ్ళం. ఆ రోజు కూడా రాలేదు మామా అని ఒక్కరమూ అనలేకపోయాం. ఇప్పుడు కాలం మారింది, మా మనవరాలి ఈడు పిల్లలు నలుగురిలో నిలబడి కాదనగలుగుతున్నారు, ఈ వయసుకి నేనూ నేర్చుకున్నాను. అయితే ఏం లాభం, నేను చెప్పాల్సిన ఆ ఒక్క మాట వినడానికి మామ లేడు.