పట్టుబడినా పాయింటు మనదే

నాకు ఆటలంటే పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. కరీంనగర్‌లో మా అన్నలిద్దరూ క్రికెట్ పేరు చెప్పి ఇంట్లో టీవీని కబ్జా చేసినప్పటి నుంచీ బంతి కనబడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నేను కూర్చుని బేస్‌బాల్ గురించి రాస్తున్నానంటే తప్పు నాది కాదు, గిరిజక్కది. కొంత కరోనాది కూడా.

జర్మనీలోని గార్చింగ్‌లో మేముండే బిల్డింగులో నాది మూడో అంతస్తు, వాళ్ళది మొదటిది. గిరిజక్క భర్త కమలాకర్ బావ నాలాగే సాఫ్ట్‌వేర్. అక్కది కృష్ణా జిల్లా. నలభై దాటాయి. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని, కుడికాలు ఆచితూచి వేస్తుంది. కూతురు రిషితకు అప్పుడు పదకొండేళ్ళు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎక్కువగా జర్మన్‌లోనే వస్తుంది.

మొదటి లాక్‌డౌన్‌లో ఆఫీసు ఇంటికొచ్చి కూర్చుంది. రెండిళ్ళ వాళ్ళు కలుసుకోవచ్చని ప్రభుత్వం అనుమతిచ్చిన రోజు నుంచీ నేను మధ్యాహ్నం భోజనానికి సిగ్గు లేకుండా కిందికి దిగేదాన్ని. లోకంలో ఆటలన్నీ ఆగిపోయిన రోజులవి. కొరియాలో మాత్రం ఖాళీ స్టేడియాల్లో బేస్‌బాల్ మొదలుపెట్టారు. వాళ్ళకు సాయంత్రమయ్యే వేళకు మాకు పప్పన్నం వేళ. రిషిత ల్యాప్‌టాప్‌లో దేనికోసమో వెతుకుతుంటే ఆ ఆట తగిలింది. తల్లీ కూతుళ్ళిద్దరూ దానికి అతుక్కుపోయారు. నా కంచం ముందు నుంచి పచ్చడి గిన్నె తీసి అక్కడ ల్యాప్‌టాప్ పెట్టారు.

తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. అతను విసిరిన బంతిని కొట్టి, మూడు బేసులూ చుట్టి, హోమ్ అనే పలక తొక్కితే ఒక రన్. దారి మధ్యలో ఉండగా బంతి ఉన్న చెయ్యి ఒంటికి తగిలితే అవుట్. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. ఇంత చిన్న విషయానికి మూడు గంటలెందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కమలాకర్ బావ అయితే వికెట్లే లేని ఆటను ఆట అనడమేమిటని మొహం అటు తిప్పుకుని తినేవాడు.

వారం తిరిగేసరికి గిరిజక్కకు అభిప్రాయాలు వచ్చేశాయి. ఆ మనిషికి అభిప్రాయం వచ్చిందంటే అది చట్టం. వేగం ఒక్కటే నమ్ముకున్న పిచర్ అంటే ఆవిడకు చులకన. గట్టిగా విసరడం గేదెకు రాయి విసిరేవాడికీ వచ్చునని, గట్టిగా విసురుతున్నట్టు కనబడి నెమ్మదిగా విసిరేవాడే పిచరని తేల్చేసింది. బాగా విసురుతున్నవాణ్ణి ఇంకా విసరనిస్తే కోచ్‌ని తిట్టేది. బాగా ఆడుతుండగానే బయటికి తియ్యాలట, అరిగిపోయాక తీసి ఏం లాభమట. ఎవరైనా మోచెయ్యి పట్టుకున్నాడంటే అన్నం వదిలేసి స్క్రీన్ మీదికి వంగేది. అన్నిటికంటే కోపం మాత్రం పరిగెత్తడం రాని వాళ్ళ మీద.

"బ్యాటు చూస్తావేంటే, కాళ్ళు చూడు. రేషన్ క్యూలో నిలబడ్డట్టు ఎలా నిలబడ్డాడో. అవతలి గీత దాటాలన్న ఆశ లేనోడు ఆటలోకి ఎందుకొచ్చినట్టు?"

అది బేస్‌బాల్ కాదు, కబడ్డీ అని నాకు ఆ తర్వాత తెలిసింది. గిరిజక్క యూనివర్సిటీ జట్టులో రెయిడర్. కూత పెట్టి అవతలి కోర్టులోకి వెళితే ముగ్గురిని తాకి వచ్చేదట. ఒక టోర్నమెంటు సెమీఫైనల్లో మోకాలు మెలిపడింది. మర్నాడు ఫైనల్. అందరూ చుట్టూ చేరి బతిమాలారు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, ఏదో స్ప్రే కొట్టి, ఈ ఒక్క ఆట ఆడెయ్యమన్నారు. ఆడింది. గెలిచారు కూడా. ఆ తర్వాత మళ్ళీ కోర్టులో అడుగు పెట్టలేదు. ఇదంతా పులుసు పోపు పెడుతూ మామూలుగా చెప్పింది. నాకు మాత్రం ఆ చుట్టూ చేరిన వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది.

ఆ వేసవి ఆంక్షలు సడలగానే రిషిత పక్క ఊరి క్లబ్బులో పిల్లల జట్టులో చేరింది. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఆడతారు. మొదటి ఆటలో బంతిని కొట్టి, బ్యాటు చేత్తో పట్టుకునే పరిగెత్తి, బేస్ దగ్గర దాన్ని నేలకు ఆనించింది. బావ పార్కులో నేర్పిన క్రికెట్ అది, ఇక్కడేమో బ్యాటు పడేసి పరిగెత్తాలి. కోచ్ టోబియాస్ నవ్వు ఆపుకోలేక మాస్కు సరిచేసుకున్నాడు. గిరిజక్క నవ్వలేదు. ఇంటికొచ్చాక బావకు క్లాసు పీకింది.

చలికాలం మళ్ళీ అన్నీ మూసేశారు. ఇంటివాళ్ళు కాక బయటి మనిషి ఒక్కరిని మాత్రమే కలవొచ్చని రూలు. ఆ ఒక్కరూ నేనే. అదృష్టమనుకున్నాను. బిల్డింగు వెనకాల గడ్డిలో రెండు చెప్పుల జతలు బేసులుగా పెట్టి, ఒక చివర నన్నూ ఇంకో చివర బావనూ నిలబెట్టి, మధ్యలో రిషితను వదిలింది గిరిజక్క. మేమిద్దరం బంతి విసురుకుంటూ పాపను తాకాలి. పాప దొరక్కూడదు. ఎముకలు కొరికే చలిలో, రెండు స్వెటర్ల మీద కోటు వేసుకుని నేను ఆ పిల్ల వెంట పడేదాన్ని. చెయ్యి చాచితే అందేంత దగ్గరికి వచ్చేది, అందేది కాదు.

"అక్కా, నాతోని కాదు. ఇగ నేను పోత," అన్నాను ఒకరోజు, గడ్డి మీద కూలబడి.

"నీకు దొరికేస్తానని ఆశ పెడుతోంది చూడు, అదే ఆట. ఆశ పెట్టినంతసేపూ నువ్వు పక్కకి చూడవు," అంది గిరిజక్క.

అప్పుడే పాపకు బోనస్ గీత సంగతి చెప్పింది. కబడ్డీలో అవతలి కోర్టులో లోపలికి ఒక గీత ఉంటుంది. రెయిడర్ దాన్ని దాటితే ఒక పాయింటు. ఆ తర్వాత పట్టుబడినా, కింద పడేసి తొక్కినా, ఆ పాయింటు మాత్రం పోదు. రిషిత ఇది విని, బేస్‌బాల్‌లో కూడా ఇలాంటిది ఉందని జర్మన్‌లో చెప్పింది. రెండు అవుట్లయ్యాక మూడో అవుట్‌గా ఒకరిని తాకేలోపు ఇంకొకరు హోమ్ తొక్కేస్తే ఆ రన్ లెక్కే. తల్లి కళ్ళు మెరిశాయి.

తర్వాతి ఏడాది సెప్టెంబరులో సీజన్ చివరి ఆట. గెలిచినవాళ్ళు జిల్లా ఛాంపియన్లు. టెస్టు సర్టిఫికెట్లు చూపించి, మాస్కులతో మేమంతా బెంచీల మీద కూర్చున్నాం. రిషిత పిచర్. సీజనంతా జట్టును మోసింది ఆ పిల్లే. ఆ రోజు అవతలివాళ్ళ బ్యాట్లకు బంతి తగలనివ్వడం లేదు. మేం మూడు రన్‌లు ముందున్నాం. నేనే లేచి అరుస్తున్నాను, ఇక చూసుకోండి.

గిరిజక్క మాత్రం అరవడం మానేసింది. విసిరిన ప్రతిసారీ రిషిత మోచేతిని పొట్టకు ఆనించుకుంటోందని, వేళ్ళు మూసి తెరుస్తోందని నాకు చూపించింది. చూపించాక నాకూ కనబడింది. ఇన్నింగ్స్ మారగానే లేచి, కుంటుకుంటూ కంచె దగ్గరికి వెళ్ళి కోచ్‌ను పిలిచింది. టోబియాస్ పాపను అడిగాడు. ఏమీ లేదు, బాగానే ఉంది అంది రిషిత.

"అమ్మా, బిట్టె. ఇంకొక్క రెండు ఇన్నింగ్స్. బిట్టె." ప్లీజ్ అని జర్మన్‌లో బతిమాలుతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నన్నూ ఒక్క ఆటే అని దింపారు," అంది గిరిజక్క. "నువ్విక విసరవు."

టోబియాస్ మంచివాడు, తల్లి మాటే విన్నాడు. పాపను మొదటి బేస్ దగ్గర నిలబెట్టాడు. అక్కడ పట్టడమే ఎక్కువ, విసిరే పని తక్కువ. బ్యాటింగ్ వచ్చినా బ్యాటు ఊపకూడదన్నది తల్లి షరతు. తర్వాత జరగాల్సిందే జరిగింది. కొత్త పిచర్ బెదిరిపోయాడు. అవతలివాళ్ళు మూడు రన్‌లూ కొట్టి సమానం చేశారు. మా బెంచీల మీది తల్లిదండ్రులు మా వైపు ఎలా చూశారంటే, మాస్కులున్నాయి కాబట్టి సరిపోయింది. కాస్త ఆగాల్సింది గిరిజా అని బావ కూడా గొణిగాడు. రిషిత తల్లి వైపు చూడటమే మానేసింది. గిరిజక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూపు పాప మీది నుంచి కదల్లేదు. పాప తనను క్షమించకపోతే ఎలాగన్న భయం అది. ఆటలో ఓడిపోతామన్న బెంగ ఆవిడకు లేదు.

చివరి ఇన్నింగ్స్‌లో చివరి వంతు మాది. ఇద్దరు అవుటయ్యారు. లుకాస్ అనే అబ్బాయి మూడో బేస్ మీదికి చేరాడు. రిషిత వంతు వచ్చింది. బ్యాటు భుజాన పెట్టుకుని రాయిలా నిలబడింది. అవతలి పిచర్ కంగారులో వరసగా నాలుగు బంతులు పక్కకు విసరడంతో రూలు ప్రకారం ఊరికే మొదటి బేస్ దక్కింది. తర్వాత బ్యాటు పట్టాల్సింది సీజనంతా బంతికి బ్యాటు తగిలించడమే గగనమైన ఒక కళ్ళద్దాల పిల్ల. అయిపోయింది అనుకున్నాం.

అప్పుడు రిషిత తల వెనక్కి తిప్పి, గంట తర్వాత మొదటిసారి తల్లి వైపు చూసింది.

"బోనస్," అంది గిరిజక్క. అరవలేదు.

పాప బేస్ వదిలి బయటికి వచ్చింది. ఇంకొంచెం వచ్చింది. మరీ ఎక్కువ వచ్చేసింది. పిచర్ చటుక్కున మొదటి బేస్‌కు విసిరాడు. రిషిత రెండో బేస్ వైపు పరిగెత్తి సగం దారిలో ఆగింది. ముందొకడు, వెనకొకడు, మధ్యలో పిల్ల. మా బెంచీలన్నీ తల పట్టుకున్నాయి. ఈ పిల్లకు మతిపోయిందా అన్నారెవరో. నేను మాత్రం గడ్డి మీది చలికాలం గుర్తొచ్చి లేచి నిలబడ్డాను. బంతి ఉన్నవాడు చెయ్యి చాచాడు, బెత్తెడు దూరంలో తప్పింది. వెనక్కి తిరిగింది. రెండోవాడు చాచాడు, అదే బెత్తెడు. ఇద్దరి కళ్ళూ ఆ పిల్ల మీదే. "లౌఫ్!" అంటే పరిగెత్తు అని టోబియాస్ గొంతు చించుకుని అరిస్తే లుకాస్ మూడో బేస్ నుంచి ప్రాణం పెట్టి పరిగెత్తాడు. అవతలివాళ్ళ జట్టంతా హోమ్‌కు విసరమని కేకలు పెట్టింది. కానీ చేతికందేంత దగ్గరున్న పిల్లను వదిలి ఎవడు విసురుతాడు? వాడు ఇంకొక్క అడుగు వేశాడు. లుకాస్ హోమ్ పలక తొక్కాడు. ఆ తర్వాతే రిషిత వీపు మీద గ్లవ్ తగిలింది.

రిషిత అవుట్. రన్ లెక్క. మేం ఛాంపియన్లం.

అవతలి కోచ్ వచ్చి వాదించాడు. తాకడానికి ముందే రన్ అయిపోయిందని, తాను రెండూ చూశానని అంపైర్ వేళ్ళతో చూపించి చెప్పాడు. పిల్లలంతా రిషిత మీద పడ్డారు. ఇందాక మాకేసి గుర్రుగా చూసినవాళ్ళు వచ్చి మోచేతులు తాకించి అభినందించారు. నేను దూరం పాటించాలన్న సంగతి మరిచి ఎవరో ముసలాయన్ని కావలించుకున్నాను. నా గొంతు మూడు రోజులు రాలేదు. గిరిజక్క కంచె పట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది.

రిషిత గుంపులోంచి బయటపడి కంచె దగ్గరికి వచ్చింది. మట్టి కొట్టుకున్న మొహం, ఇంకా కోపం పోని మొహం.

"రెండు వారాల నుంచీ నొప్పి అమ్మా. చెప్తే ఆపేస్తావు కదా, అందుకే చెప్పలేదు."

"ఆపేస్తాను," అంది గిరిజక్క. "మళ్ళీ మొదలుపెట్టించేదీ నేనే."

మర్నాడే ఎముకల డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకున్నారు. మోచేతిలో ఏమీ చిరగలేదు, వాచింది, అంతే. చలికాలమంతా విసరొద్దన్నాడు. ఇంకొన్ని వారాలు విసిరి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పబోతే గిరిజక్క వద్దంది.

వసంతం వచ్చాక రిషిత మళ్ళీ పిచర్‌గా దిగింది. మొదటి ఆట. బంతులు నిప్పుల్లా పడుతున్నాయి, మేం ముందున్నాం, అందరూ చప్పట్లు కొడుతున్నారు. గిరిజక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. నాలుగో ఇన్నింగ్స్ మధ్యలో రిషిత ఆగింది. మోచెయ్యి ఒకసారి చాచి చూసుకుంది. ఎవరూ అడక్కుండానే కోచ్ వైపు తిరిగి చెయ్యెత్తి, ఇక చాలు, నన్ను మార్చు అంది.

చుట్టుపక్కల వాళ్ళంతా నిట్టూర్చారు. గిరిజక్క ఒక్కతే ముందున్న రెయిలింగ్ పట్టుకోకుండా లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, మైదానం మారుమోగేలా చప్పట్లు కొట్టింది.