పొట్లం మూతిలో పటికబెల్లం

ఆ రోజుల్లో నేను బేరమాడకుండా దేన్నీ కొని ఎరగను. బెంగాల్లోని మా రైల్వే ఊళ్లో, గోల్‌బజార్లో మా నాన్న కిరాణా కొట్లో బస్తాల మధ్య పెరిగినవాణ్ని. నన్ను దూరంనుంచి చూస్తేనే కూరగాయలమ్మే బెంగాలీ దాదా బండి పక్కసందులోకి తిప్పేసేవాడు. అలాంటివాడికి రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగమొచ్చింది. దాంతో కొట్లోవాళ్లకి బాబునైపోయాను, ఆఫీసువాళ్లకి కొట్టువాడిగానే మిగిలాను. (ఎటూ కాకుండా పోవడమేమిటో, మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని క్యారేజీ విప్పుకునేవాడికి తెలుస్తుంది.)

మా గదిలో కిటికీ పక్కన ఒక టైపిస్టు ఉండేది, తాల్‌బగీచా నుంచి వచ్చే తెలుగమ్మాయి. ఆవిడ మిషను టకటకలాడినంతసేపూ నాకు తోడెవరో ఉన్నట్టే ఉండేది. ఆ చలికాలం ఆవిడకి దగ్గు పట్టుకుని, ఆ చప్పుడు మాటిమాటికీ ఆగిపోయింది. పలకరించే ధైర్యం నాకేదీ? మర్నాడు అందరికంటే ముందే వెళ్లి, మిషను మీద కప్పిన గుడ్డ కింద శొంఠీ మిరియాల పొట్లం పెట్టేశాను. తర్వాత కరక్కాయ, ఎండలు ముదిరాక సబ్జాగింజలు. ఎవరు పెడుతున్నారో ఆవిడ అడగలేదు గాని, ఆఫీసు ఊరుకుంటుందా? "ఇది బొడొబాబు పనే" అని తేల్చేశారు. అందరూ బొడొబాబు అని పిలిచే మా బెంగాలీ హెడ్డు గుమాస్తా, కాదనకుండా మీసాల్లో నవ్వుకున్నాడు. సరుకు నాదీ, పేరు ఆయనదీ! మా కొట్టు పుట్టిన తర్వాత అంత నష్టబేరం ఎవరూ చేయలేదు.

అంతలో ఆవిడకి వాల్తేరు బదిలీ అయింది. ఈసారి పొట్లం చేతికే ఇచ్చి, మనసులో మాట చెప్పేయాలని ఆదివారమంతా అద్దం ముందు సాధన చేశాను. తీరా ఎదురుగా నిలబడితే, "బండి ఎన్నింటికండి?" అన్నాను.

"సాయంత్రం మెయిలుకండి" అని, నా చేతిలో సోంపు పొట్లం చూసి నవ్వింది. "మూతిలో పటికబెల్లం ముక్క ఏసినారా? ఈ బజార్లో అలా కొసరేసేది మీ నాన్నగారొక్కరే. మాయమ్మ సరుకులు అక్కడే కొంటాది. తొలిరోజే తెలిసిపోనాది."

"కొసరెయ్యని పొట్లం కడితే నువ్వు నా కొడుకువి కావురా!" అని మా నాన్న మొట్టికాయలతో నేర్పిన విద్య అది. నేను పేరు దాచాను గాని, నా చేతికి ఆ సంగతి చెప్పడం మర్చిపోయాను.

"మరి సెప్పలేదేటండి?" అన్నాను.

"మీరే అడుగుతారని సూసినానండి. అన్నీ అడిగడిగి కొనేవోరు, ఇదొక్కటీ అడగలేకపోనారేటి?" అని, మిషను గుడ్డ సర్దుతూ నెమ్మదిగా అంది. "వైశాఖంలో నా పెళ్లండి. ఆయనది వాల్తేరే. అందుకే బదిలీ."

ఇంత బేరగాణ్ని, నేనేమన్నాను? "ఠీక్ హై" అన్నాను.

ఆవిడ పొట్లం విప్పి, పటికబెల్లం ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. "కొసరు మీకండి."

ఇప్పటికీ గోల్‌బజార్లో బేరానికి నా ముందు నిలిచినవాడు లేడు. కానీ ఆ సాయంత్రం మెయిలు వెళ్లిపోయాక, అంత పొడుగు ప్లాట్‌ఫారం మీద ఒక్కడే నడిచిన ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నోట్లో వేసుకుంటే అయిపోతుందని, ఆ ముక్కని గుప్పిట్లోనే బిగించుకున్నాడు. చెమటకి అది అక్కడే కరిగిపోతుందని, కొట్లో పుట్టి పెరిగినవాడికి తెలియదూ, పాపం!