నా పేరున వేసుకున్న సూది

మా అన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఇప్పుడు నేయలేడు. ఆయన కాళ్లకు పరిహారం అడుగుతూ మేం వేసిన కేసులో నేనూ ఒక సాక్షిని. సాక్షి అన్నది కోర్టువాళ్లు పెట్టిన పేరు. నేను పెట్టుకుంటే వేరే పేరు పెట్టుకుంటాను.

కరోనా రెండో ఏడు సంగతి ఇది. ఆదోనిలో నేను పనిచేసే పత్తి మిల్లులో, టీకా సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే గేటు తీస్తామని మేనేజరు చెప్పేశాడు. నాకు చిన్నప్పటి నుంచీ సూదంటే భయం. ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా సూది కథలే. ఫలానా ఊరిలో ఫలానావాడు పడిపోయాడట అని మిల్లులో అందరికంటే గట్టిగా చెప్పింది నేనే. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

ఫోనులో అన్న దగ్గర ఏడ్చినంత పని చేశాను. ఆయన అప్పటికి మూడు నెలల ముందే తన సూది తను వేయించుకున్నాడు. రెండు రోజులు ఒళ్లు నొప్పులు తప్ప ఏమీ కాలేదు. మరుసటి రోజే బస్సెక్కి ఆదోనికి వచ్చాడు.

"నాకేం కాలేదు గదరా. ఇంగోటి ఏసుకుంటే మాత్రం ఏమైతాది? నీ కార్డు, ఫోను ఇట్లియ్యి. మీ వదినకు మాత్రం సెప్పొద్దు, తిడ్తాది" అన్నాడు.

వద్దనాలని నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం లేచి వచ్చింది. ఆధార్ కార్డులో ఎవరి ముఖమైనా పట్టుబడిన దొంగ ముఖంలానే ఉంటుంది, పైగా అందరికీ మాస్కులు. బడిలో పెట్టిన క్యాంపులోకి ఆయన నేనై పోయాడు. నేను గేటు బయట నిలబడ్డాను. పావుగంటకు దూది అదుముకుంటూ నవ్వుతూ వచ్చాడు.

"ఇంద, నీ సూది ఏసుకొచ్చినా. నొప్పి గూడా నీదే, తీసుకో" అన్నాడు.

ఇద్దరం ఉగ్గాని, బజ్జీ తిన్నాం. మధ్యాహ్నం బస్సుకు ఆయన వెళ్లిపోయాడు. నా ఫోనులోకి నా పేరుతో సర్టిఫికెట్ వచ్చింది. మరునాడు గేటు దగ్గర దాన్ని కాస్త గర్వంగానే చూపించాను.

రెండు వారాలు గడిచాక అన్నకు పాదాలు తిమ్మిరెక్కాయి. గుంట మగ్గం నేసేవాడికి చేతులెంతో కాళ్లూ అంతే. గుంటలోకి కాళ్లు దించి, కింద తొక్కుడు చెక్కలు ఒకటి విడిచి ఒకటి తొక్కుతుంటేనే నూలు మోసే నాడె అటూ ఇటూ ఆడుతుంది. ఆయనకు కాలి కింద చెక్క ఉందో లేదో తెలియడం మానేసింది. తిమ్మిరే కదా అనుకున్నారు. నాలుగో రోజుకు గుంటలోంచి పైకి లేవలేకపోతే వదినా, పక్కింటివాళ్లూ లాగారు. కర్నూలు ఆసుపత్రిలో నరాల జబ్బన్నారు.

అక్కడ డాక్టరు అడిగాడు, ఈమధ్య టీకా ఏమైనా వేసుకున్నావా అని. మంచం పక్కన నేనూ ఉన్నాను. అన్న నా వైపు ఒక్కసారి చూశాడు.

"మూడు నెలలైంది సార్" అన్నాడు.

నేను సెలైన్ సీసా వైపు చూశాను. కాగితం మీద అట్లే ఎక్కింది. నిజం చెప్పినా వైద్యం అదేనని, తర్వాత ఎవరి సంగతో అన్నట్లు అడిగితే ఇంకో డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని చాలా రోజులు బతికాను. వైద్యం మారకపోయినా కాగితం మారేదని అప్పట్లో నాకు తట్టలేదు. తట్టినా నోరు విప్పేవాణ్ని కాదేమో.

ప్రాణం దక్కింది. కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తాడు. మగ్గం మాత్రం తొక్కలేడు. వదిన ఇంటి పని చేసుకుని, పక్క మగ్గాలకు నూలు కండెలు చుట్టి సంసారం లాగుతోంది. గుంట మీద పలకలు పరిచి, వాటి మీద బియ్యం డబ్బా పెట్టింది. ఆ ఇంటికి పోయినప్పుడల్లా ఆ డబ్బా వైపు చూడకుండా కూర్చోవడం నేర్చుకున్నాను.

"రాప్పా, కూసో. తిన్యావా?" అనేది వదిన, నేను వెళ్లిన ప్రతిసారీ. తినకపోయినా తినే వచ్చానని చెప్పేవాణ్ని.

కిందటేడు ఆమెకు ఎవరో చెప్పారు, సూది పడక చెడినవాళ్లు కోర్టుకు పోతే పరిహారం అడగొచ్చని. ఆమె నన్నే పట్టుకుంది. "నువ్వు ఆదోనిలో ఉండేవోనివి. లాయరు కాడికి మమ్మల్ని నువ్వే పిల్సకపోప్పా. మీయన్న ఒద్దంటాడు గానీ నేనినను" అంది. తేలు కుట్టిన దొంగలా తలూపాను. అన్న నా వైపు చూడలేదు.

ఆదోనిలో లాయరు పెద్దావిడ, తొందరపడే మనిషి కాదు. కాగితాలన్నీ ఒక్కొక్కటే చదివి, కళ్లజోడు తీసి పెట్టింది.

"చూడమ్మా, మీ ఆయన సూది వేసుకున్నది ఒకప్పుడు. జబ్బు వచ్చింది మూడు నెలలు దాటాక. డాక్టరు కూడా అదే రాశాడు. వీటితో ఏ కోర్టూ కేసు వినదు. ఆలస్యం సంగతి సరేసరి."

 వదిన ఒళ్లోని సంచి మూతి ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. అన్న, "నేను ముందే సెప్తిని గదా, పోదాం పా" అని కర్ర అందుకున్నాడు. ఆ లేవడం చూశాను. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, మోకాళ్లు వణుకుతుంటే, నా వల్లే లేవలేక లేస్తున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఫోను తీసి ఆ సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాను.

"ఈ సూది నేను ఏసుకోలేదు మేడమ్. నా పేరు సెప్పి మాయన్న ఏసుకున్యాడు. అయిన రెండు వారాలకు కాళ్లు పాయ" అన్నాను.

"వాని మాట నమ్మొద్దు మేడమ్" అన్నాడు అన్న వెంటనే. "నా మీద పానం వానికి. అబద్దం సెప్తాండాడు. ఆ సూది వాడే ఏసుకున్యాడు."

మళ్లీ నా బదులు ముందుకు వచ్చాడు. నా ఉద్యోగం పోతుందని ఆయన భయం.

లాయరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అప్పుడు వదిన నా ఫోను తీసుకుని, ఆ తేదీ చదివించుకుంది. కర్నూలు ఆసుపత్రికి పోయిన రోజు నుంచి వెనక్కి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఇది నువ్వు ఆదోనికి పోయొచ్చిన దినం" అంది అన్నతో. "సెయ్యి వాసిందేమంటే, బస్సు తలుపు తగిలిందని సెప్తివి. ఉప్పు మూటతో నేను కాపితిని గదా."

అన్న మళ్లీ కూర్చున్నాడు.  కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం ఆసుపత్రిలో కూడా నేను చూడలేదు.

లాయరు ఏదీ దాచకుండా చెప్పింది. వేరొకరి కార్డుతో వేసుకోవడం తప్పు, అది ఇద్దరి మెడకూ చుట్టుకోవచ్చు. ఆ సూది వల్లే జబ్బు వచ్చిందని డాక్టర్లు చెప్పాలి, అలాంటివి చాలా అరుదు. గెలుస్తామని మాట ఇవ్వలేనంది. "నీ వాంగ్మూలం లేకుంటే మాత్రం ఇది మొదలే కాదు" అంది నాతో. అన్న నా చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. విడిపించుకుని సంతకం పెట్టాను. ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు పట్టింది.

కేసు నడుస్తోంది. వాయిదాకూ వాయిదాకూ నడుమ మిల్లుకు పోయి వస్తున్నాను. మిల్లువాళ్లకు ఇంకా తెలియదు, తెలిసిన రోజు ఏమంటారో చూడాలి. గెలవకపోతే వదినకు మిగిలేది ఏమిటన్నదే నా దిగులు.

సంతకం పెట్టిన రోజు బస్టాండు దాకా వదిన అన్నను పట్టుకుని నా ముందు నడిచింది. బస్సెక్కే ముందు మాత్రం వెనక్కి తిరిగింది.

"మంచం కాడ ఇన్నేండ్లు నేనుంటి. ఎందుకొచ్చె ఈ రోగం, నేనేం పాపం జేస్తినని దినామూ దేవున్ని అడుగుతాంటి. మీ ఇద్దరికీ తెల్సు" అంది.

తర్వాత కాగితాల పని మీద చాలాసార్లు ఆ ఇంటికి వెళ్లాను. ఆమె తిట్టలేదు, తలుపు వేయలేదు. "రాండి, కూర్చోండి" అంటుంది, బ్యాంకు నుంచి వచ్చిన మనిషితో అన్నట్లు. బియ్యం డబ్బా పక్కన చాప పరుస్తుంది. టీ గ్లాసు నా ముందు పెట్టి, "తీసుకోండి" అంటుంది.

తిన్నావా అని అడగదు.