కండెమ్మ బరువు

మంగళగిరిలో మా వీధి చివరి ఇల్లు పానకాలుది. కొండ మీది స్వామి పేరే పెట్టారు అతనికి. తొమ్మిదో ఏట బడి మాని తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాడు, యాభై ఆరేళ్లు వచ్చేదాకా మళ్లీ పైకి తీసినట్టు లేదు. అతని మాట పక్కింటికి కూడా వినపడేది కాదు. మగ్గం చప్పుడు మాత్రం వీధి మొదటికి వినపడేది. అది ఆగిందంటే పానకాలు అన్నానికి లేచాడని, మేమూ కంచాలు పెట్టుకునేవాళ్లం.

అతని భార్య సుబ్బరావమ్మ మాటకారి. మగ్గం పక్కనే రాట్నం వేసుకుని కండెలు చుట్టేది. కండె అంటే నాడెలో, అదే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే చెక్కలో, పెట్టే దారపు చుట్ట. అది అందించే మనిషి లేకపోతే ఎంత నేతగాడైనా చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే.

"ఈయన మాటలన్నీ చీర అంచులో నేసేస్తాడు మేష్టారూ, ఇంట్లోకి ఒక్కటీ మిగల్చడు" అనేది నన్ను చూసినప్పుడల్లా. పానకాలు తల వంచుకుని నవ్వేవాడు.

వాళ్లకి పిల్లలు లేరు. పిల్లి ఉండేది. నేతవాళ్లింట్లో పిల్లి ఉండి తీరాలి. పడుగుకి, అంటే మగ్గం మీది నిలువు దారాలకి, గంజి పెడతారు కదా, ఆ వాసనకి ఎలుకలు వచ్చి నెల్లాళ్ల కష్టాన్ని ఒక్కపూటలో కొరికేస్తాయి. ఎదురింటి బసవమ్మ ఇచ్చిన ఆ కూన వచ్చిన రోజే కండెల గంపలో దూరి పడుకుంది. అందుకని కండెమ్మ అని పేరు పెట్టారు. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి కాళ్లు.

రెండువేల ఐదు మాఘమాసంలో సుబ్బరావమ్మకి జ్వరం వచ్చింది, తగ్గలేదు. చివరిరోజు నేను పక్కనే ఉన్నాను. మొగుడి చెయ్యి పట్టుకుని, "నువ్వు అన్నం మర్చిపోయినా మర్చిపోతావు గానీ, కండెమ్మని ఒంటరిగా వదలబాకయ్యా. వదిలావా, నేను ఊరుకోను" అంది. "వదలను" అన్నాడు పానకాలు. ఆమెతో అతను ఆడిన ఆఖరి మాట అదే.

తర్వాత ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయింది. అతను కూర్చునేవాడు, కానీ రెండుసార్లు నాడె వేస్తే మూడోసారికి దారం తెగేది. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. బసవమ్మ గిన్నెలో అన్నం కలిపి గుమ్మంలో పెట్టి, తినేదాకా అక్కడే నిలబడేది. అయినా మనిషి చిక్కిపోతున్నాడు.

ఒక సాయంత్రం పలకరిద్దామని వెళ్లాను. కండెమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. రాట్నాన్ని చూడటంలేదు. దాని వెనక, కూర్చున్న ఆడమనిషి మొహం ఉండే ఎత్తుకి చూస్తోంది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. గుర్రుమంటూ మెడ చాచింది. గడ్డం కింద ఎవరో గోకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది, కళ్లు మూసుకుంది.

"రోజూ అంతే మేష్టారూ" అన్నాడు పానకాలు. "దీపాలవేళకి వచ్చి కూర్చుంటుంది. నా మొహం చూడదు."

నేను మనసులో నరసింహ నామం అనుకుంటూ ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాను.

శ్రావణం వెళ్లాక ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ చేనేత నేర్పే సంస్థ ఒకటి ఉందట. మంగళగిరి అంచు నేత నేర్పడానికి ఏడాది రమ్మన్నారు. గది ఇస్తారు, మగ్గం ఇస్తారు, విమానం టిక్కెట్టు కూడా జత చేశారు. చదివి వినిపించాను. ఇక్కడే ఉంటే ఈ మనిషి దక్కడని నాకు భయంగా ఉంది. అందుకని, "వెళ్లు పానకాలూ" అన్నాను.

"కండెమ్మో?"

మా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. మూడుసార్లు తెచ్చి చూశాం. మూడుసార్లూ తప్పించుకుని పోయి రాట్నం ముందు కూర్చుంది. మూడోసారి నాలుగురోజులు పాలు కూడా ముట్టలేదు. అప్పుడు పానకాలు తేల్చి చెప్పాడు: "అది వస్తే వెళ్తాను, లేకపోతే లేదు."

బజార్లో ఎస్టీడీ బూతు నుంచి టిక్కెట్టు మీది నంబరుకి ఫోను చేశాను. పిల్లిని మనుషులతోపాటే తీసుకెళ్లొచ్చని, మెత్తటి సంచిలో పెట్టి ముందుసీటు కింద ఉంచుకోవాలని, సంచితో కలిపి అయిదు కిలోలు దాటకూడదని, పశువుల డాక్టరు కాగితం కావాలని, విమానం నడిపే ఆయన సరేననాలని చెప్పారు.

పానకాలు నోరు తెరిచాడు. "పిల్లి ఎదురొస్తేనే ప్రయాణం మానుకునే ఊరు మేష్టారూ మనది! ఏకంగా సంకనేసుకుని పోతే ఏమంటారో!"

పశువుల ఆసుపత్రి డాక్టరు హయాత్ గారు సూది వేసి, కాగితం రాసి, కండెమ్మ చెవులు నిమిరి, "అమ్మా, మా ఊరి పరువు నీ చేతిలో పెడుతున్నాను, విమానంలో అల్లరి చెయ్యకు" అన్నారు.

సంచి పానకాలే మూలనున్న చిన్న మగ్గం మీద నేశాడు, గాలి ఆడేలా వలలా పల్చగా. ఏడు నెలల తర్వాత ఆ వీధిలో మగ్గం చప్పుడు విని ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. నేను వెళ్లేసరికి అతని మొహం పాలిపోయి ఉంది.

"దారం ఒక్కటీ తెగలేదు మేష్టారూ. పొద్దున పది కండెలు చుట్టి గంపలో వేసుకున్నాను. ఆరు వాడాను. చూడండి."

లెక్కపెట్టాను. గంపలో పది ఉన్నాయి.

"లెక్క తప్పి ఉంటావు" అన్నాను. అతను నా వంక జాలిగా చూశాడు. నూలు లెక్కలో పానకాలు తప్పడం నేనెన్నడూ ఎరగను.

సంచి అడుగున మెత్తగా ఉంటుందని సుబ్బరావమ్మ పచ్చచీర మడిచి వేశాడు. వాళ్లిద్దరూ కలిసి నేసుకున్న చీర అది. నూలు తూచే కాటాకి తగిలించాడు. పిల్లి మూడు కిలోల రెండొందలు, సంచి అరకిలో, చీర అరకిలో. మొత్తం నాలుగు కిలోల రెండొందలు.

బయల్దేరే రోజు పొద్దున బసవమ్మ పెరుగన్నం మూట కట్టి తెచ్చింది. కండెమ్మ అప్పటికే సంచిలో ఉంది. అప్పుడు పానకాలు గడపలో నిలబడి ఇంట్లోకి తిరిగి, "రావే, పోదాం! రావే, పోదాం! రావే, పోదాం!" అని మూడుసార్లు పిలిచాడు.

మా నేతవాళ్లలో అదొక ఆనవాయితీ. పిల్లిని ఇల్లు మార్చేటప్పుడు గడపలోంచి మూడుసార్లు పిలవాలి. పిలవకపోతే ఒళ్లు వస్తుంది గానీ దాని మనసు పాత ఇంట్లోనే ఉండిపోతుందంటారు. తప్పేమీ లేదు. కానీ బసవమ్మ చేతిలో మూట జారిపోయింది.

"అయ్యో అన్నా, ఎంతపని చేశావు! ఆవిడ పోయి ఏడాది తిరగలేదు. చావు జరిగిన ఇంటి నుంచి వెళ్లేవాళ్లు 'వెళ్లొస్తా' అనే అనరే, నువ్వు లోపలికి చూసి రమ్మని పిలుస్తావా? అదీ ఆవిడ చీర సంచిలో పెట్టుకుని!"

పానకాలు సంచి ఎత్తుకున్నాడు. ఎత్తుకుని ఒకసారి ఆగి, రెండో చెయ్యి కూడా కింద పెట్టాడు.

బెజవాడ బస్సులో సంచి అతని ఒళ్లో ఉంది. ఉండవల్లి దాటాక మెల్లగా అన్నాడు: "మేష్టారూ, బరువెక్కుతోంది."

"కూర్చుని కూర్చుని అలా అనిపిస్తుంది."

"నలభయ్యేడేళ్లు నూలు తూచిన చేతులండీ ఇవి."

గన్నవరం విమానాశ్రయంలో గేటు దగ్గర పోలీసాయన నా చేతికర్ర చూసి, "వెళ్లి సాయం చేసి రండి పెద్దాయనా" అని నన్ను కూడా లోపలికి వదిలాడు. కౌంటరులో అమ్మాయి పేరు బిందుమాధవి అని చొక్కా మీది బిళ్ల చెప్పింది. సంచిలోకి తొంగిచూసి మురిసిపోయింది. "కెప్టెన్ గారు సరేనన్నారండి. బరువు చూసి పంపించేస్తాను" అని కాటా మీద పెట్టమంది.

అయిదు కిలోల తొమ్మిది వందలు.

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. పక్క కాటా మీద పెట్టింది. అదే చూపించింది. పానకాలు చీర బయటికి లాగి నాకు ఇచ్చాడు. ఆ చీర అరకిలో. అంకెలు దిగాయి, కాసేపు ఆగాయి, మళ్లీ మా కళ్లముందే ఎక్కి ఆరు దగ్గర నిలబడ్డాయి. సంచిలో కండెమ్మ కదలకుండా కూర్చుని, పానకాలు భుజం పక్కకి చూస్తోంది. గుర్రుమంటోంది.

"బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి" అంది బిందుమాధవి గొంతు తగ్గించి. "ఇంత బరువుంటే సామాన్లతో కింద వెయ్యాలి. అక్కడ చీకటి, చలి. భయంతో గుండె ఆగిపోయిన జంతువుల సంగతి విన్నాను. లేదంటే తాతగారితో వెనక్కి పంపించండి. ఇంకో పది నిమిషాలు చూస్తాను."

వెనక్కి పంపితే ఆ పిల్లి తిండి మానేస్తుంది. కింద వేస్తే ఏమవుతుందో తెలీదు. పానకాలు వెనక్కి వస్తే మిగలడు.  స్వామిని తలుచుకున్నాను.

పానకాలు కాటా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. జనం చూస్తున్నారని కూడా అతనికి లేదు. సంచి వైపు కాదు, దాని పక్కకి, కండెమ్మ చూస్తున్న చోటికి చూశాడు. నలభయ్యేడేళ్లు మగ్గం కింద దాచుకున్న మాటలు ఒక్కసారిగా బయటికి వచ్చాయి.

"సుబ్బులూ, తప్పు నాదే. గడపలో నిలబడి పిలిచాను, నువ్వొచ్చావు. నేను పిలిస్తే ఎప్పుడు రాలేదు గనక నువ్వు? కానీ ఇప్పుడు నువ్వు దిగకపోతే కండెమ్మ రాదు. ఒంటరిగా వదలనని నీకు మాటిచ్చాను. దాన్ని నేను చూసుకుంటాను. అన్నం కూడా తింటాను. నువ్వు మేష్టారితో ఇంటికెళ్లు."

కండెమ్మ గుర్రుమనడం ఆపింది. తల ఎత్తింది. దాని చూపు పానకాలు పక్కనుంచి మెల్లగా నా వైపుకి కదిలింది, ఎవరో నడిచి వస్తుంటే చూసినట్టు.

అంకెలు దిగాయి. మూడు కిలోల ఏడొందలు.

నా చేతిలో ఉన్న చీర, నీళ్లలో తడిపి తీసినట్టు, కిందికి లాగింది.

బిందుమాధవి ముద్ర వేసి కాగితం ఇచ్చి, రెండు చేతులూ జోడించింది. మాకా, ఇంకెవరికా నాకు తెలీదు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. చీర ఒళ్లో పెట్టుకున్నాను. మోకాళ్లు లాగుతున్నాయి. నా పక్కసీటు మాత్రం ఖాళీగా ఉంది. చంటిపిల్లతో ఒకామె నిలబడి ఉంటే, "కూర్చో తల్లీ" అన్నాను.

"వద్దులెండి, ఆమెను లేపడం ఎందుకు" అంది. "బాగా అలిసినట్టున్నారు."

మంగళగిరి వచ్చేదాకా నేను పక్కకి తిరిగి చూడలేదు.

దీపాలవేళకి తాళం తీసి, చీర రాట్నం పక్కన పెట్టాను. చేతిలోంచి దించేసరికి అది మామూలు అరకిలో చీర. దీపం పెట్టి దణ్ణం పెట్టాను. వెళ్లొస్తానని అనలేదు.

రెండురోజులకి పానకాలు ఎస్టీడీ బూతుకి ఫోను చేసి నన్ను పిలిపించాడు. విమానం లేవగానే కండెమ్మ ఏడ్చిందట, ఏడు నెలల్లో మొదటిసారి. పక్కసీటులో హిందీ ఆవిడ విసుక్కోకుండా తన శాలువా తీసి సంచి చుట్టూ కప్పిందట. "ఏడ్చి ఏడ్చి, సంచి వలలోంచి కాలు బయటికి పెట్టి నా బొటనవేలు పట్టుకుంది మేష్టారూ. కిందికి వంగి చూశాను. నా మొహం చూసింది. పక్కకి కాదు, నా మొహమే." ఇంకో మాట కూడా అన్నాడు: "రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాను. బసవమ్మకి చెప్పండి."

నేను రోజూ వెళ్లి దీపం పెట్టేవాణ్ణి. మగ్గం మీద గంజి పడుగు అలాగే ఉంది. పిల్లి లేని ఇల్లు. వారంలో ఎలుకలు దాన్ని పీచు పీచు చేస్తాయనుకున్నాను. మా ఇంట్లో ఆ ఏడు ఎలుకల బాధ ఇంతా అంతా కాదు. అక్కడ ఒక్క పోగు తెగలేదు.

మాఘంలో సంవత్సరీకానికి పానకాలు వచ్చాడు, కండెమ్మతోనే. మనిషి కాస్త ఒళ్లు చేశాడు. కర్మలు అయ్యాక మగ్గం ముందు కూర్చుని గంప ముందుకి లాక్కున్నాడు. నిండా కండెలు. వాటిని అతను చుట్టలేదు, నేను చుట్టలేదు, తాళంచెవి నా మొలతాడుకే ఉంది. అతను నాడెలో ఒకటి పెట్టాడు. మూడురోజుల్లో మిగిలిన సగం చీర పూర్తయింది. గంప ఖాళీ అయింది. కండెమ్మ ఆ మూడురోజులూ అతని ఒళ్లో పడుకుంది, రాట్నం వైపు చూడలేదు.

తిరిగి ఢిల్లీ వెళ్లే పొద్దున సంచిని కాటాకి తగిలించాడు. ఎంత ఉంటుందో చేతికి తెలుసు, అయినా చూశాడు. సరిగ్గా పిల్లి బరువు, సంచి బరువు. కొత్తగా నేసిన చీర పచ్చచీర పక్కనే మడిచిపెట్టాడు.

గడపలో ఆగాడు. బసవమ్మ, నేను ఊపిరి బిగబట్టాం. ఈసారి పిలవలేదు. ఏడాది తిరిగింది గనక అనదగ్గ మాటే అన్నాడు.

"వెళ్లొస్తాం సుబ్బులూ."

తాళం వేసి, చెవి నాకు ఇచ్చాడు.