గేటు బయట పెట్టించుకున్న బొట్టు

మా కాలనీలో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు తిరిగి అనేదాన్ని. నేను ఎదురైతే చంటిపిల్లల తలమీదికి కొంగు లాక్కునేవాళ్లు, అంతే. దానికి ఏమని బదులు చెప్తాం?

నగరం చివర, పేట్ బషీరాబాద్ వెనక అప్పుడప్పుడే ఇళ్లు లేస్తున్న కాలనీ అది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో తెనాలి దగ్గర నుంచి వచ్చి అక్కడ చేరాం. మా వారు పొద్దున్నే మేడ్చల్‌లో ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవారు. చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది మా కోస్తా జిల్లాల వాళ్లే. అయినా నాతో మాట్లాడడానికి వాళ్ల దగ్గర ఒకటే ప్రశ్న ఉండేది, విశేషం ఏమన్నా ఉందా అని. పెళ్లయి ఏడెనిమిదేళ్లు, విశేషం లేదు. ఆ ప్రశ్న కూడా ఆగిపోయినప్పుడు వాళ్లు ఆశ వదులుకున్నారని అర్థమైంది. పాపం, నాకంటే ముందే వదులుకున్నారు.

పక్కింటావిడకు కొడుకు పుట్టాడు. బారసాలకు ఆవిడ ఆడపడుచు కుంకుమ భరిణె పట్టుకుని వరసగా ప్రతి ఇంటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచింది. మా గేటు దాటి అవతలి గేటు తీసింది. నేను వరండాలో బియ్యం ఏరుకుంటూ చూస్తూనే ఉన్నాను. సాయంత్రం మాత్రం స్టీలు డబ్బాలో లడ్డూలు పంపారు. ఒకరిచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు, కాస్త పంచదారైనా వేసి పంపాలి. నేను ఖాళీగానే పంపాను. కడిగి, తుడిచి, తళతళలాడించి మరీ పంపాను.

ఆ చలికాలంలో ఆరోగ్య కేంద్రం నర్సు, పోలియో చుక్కలు వేయడానికి సాయం చేసేవాళ్లు కావాలని ఇంటింటా అడుగుతూ వచ్చింది. జీతం లేదు, భోజనం పొట్లం ఇస్తామంది. వస్తానన్నాను. పిల్లల మీద మమకారంతో కాదు, అబద్ధమెందుకు. మనుషులతో నోరారా మాట్లాడి చాలా రోజులైంది, అందుకు. మా వారు విని, నలుగురూ ఏమంటారో అన్నారు. ఏమీ అనకపోవడమే కదా నా బాధ అన్నాను.

ఆదివారం షామియానా కింద కుర్చీలో కూర్చున్నాను. తల్లులు వచ్చారు, నన్ను చూశారు, కాస్త ఎడంగా నిలబడ్డారు. పక్కింటావిడ నర్సు చెవిలో ఏదో చెప్పింది. నర్సు మంచి మనిషే, ముఖం చిన్నబోయింది. రేపు ఇంటింటికీ తిరిగే పని ఉంది, గౌడవెల్లి దారిలో గుడిసెలు మీకు అప్పగిస్తాను, ఇప్పటికి ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి అంది. నన్నెందుకు లేపారో నాకు తెలుసు. లేచాను. కానీ మర్నాడు ఇంట్లో కూర్చోలేదు.

అంగన్‌వాడీ ఆయాతో కలిసి, మందు డబ్బా భుజానికి తగిలించుకుని వెళ్లాను. ఆమె ఒక వరస, నేనొక వరస. పిల్లల నోట్లో చుక్కలు వేయాలి, ఎడమచేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టాలి, తలుపు మీద సుద్దముక్కతో గుర్తు రాయాలి. కాసేపటికి నా ముందున్న తలుపులన్నీ మూసుకోవడం మొదలైంది. ఇక్కడికీ నా సంగతి చేరిందన్నమాట అనుకుని ఒళ్లు మండింది. వెనక్కి తిరిగితే ఒక అవ్వ తడిగుడ్డతో నేను రాసిన గుర్తులు తుడుచుకుంటూ వస్తోంది.

ఎందుకు తుడుస్తున్నారని గట్టిగానే అడిగాను.

"పెద్ద రోడ్డు మీద మా ఇండ్లున్నప్పుడు గిట్లనే రాసి పోయిండ్రు. తెల్లారి మిషన్లొచ్చి కూలగొట్టినయ్," అంది.

నా కోపం దిగిపోయింది. వాళ్లు భయపడింది నాకు కాదు, నా చేతిలో సుద్దముక్కకు. ఆ గుడ్డ అడిగి తీసుకుని మిగిలిన గుర్తులు నేనే తుడిచేశాను. పిల్లల వేలి మీద సిరా ఉంటే చాలు, తలుపుల మీద ఏమీ అక్కర్లేదని చెప్పాను. అవ్వ ఒక్క కేక వేస్తే తలుపులు తెరుచుకున్నాయి. ఆమె పెద్ద కోడలు ఏడాది పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చింది.

అప్పుడడిగింది అవ్వ, నాకు పిల్లలెందరని. బస్సుల్లో ఎవరైనా అలా అడిగితే, ఊళ్లో మా అమ్మ దగ్గర ఉన్నారని చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. లేరన్నాను. నా చేత్తో వేయడం ఇష్టం లేకపోతే ఆయాను పిలుస్తానన్నాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నీకు పిల్లల్లేకుంటే మా పోరనికేమైతది? పట్టుకో బిడ్డ, గట్టిగ పట్టుకో. మస్తు తంతడు."

తన్నాడు. సరిగ్గా పొట్ట మీద తన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఇంత చిన్న మాట అనడానికి మా వాళ్లకు ఇన్నేళ్లూ నోరెందుకు రాలేదని.

తలుపుల మీద గుర్తులు లేవని ఆరోగ్య కేంద్రం డాక్టరు సంజాయిషీ అడిగాడు. అసలు వెళ్లారా అన్నాడు. వచ్చి వేళ్లు చూసుకోమన్నాను. వచ్చాడు, చూసుకున్నాడు, లెక్క రాసుకుని వెళ్లాడు. నేను మాత్రం పనున్నా లేకున్నా గుడిసెల వైపు వెళ్తూనే ఉన్నాను. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని చాయ్ తాగడం, కోడళ్ల మీద ఆమె చెప్పే చాడీలు వినడం, అవే చాడీలు కోడళ్ల వైపు నుంచి మళ్లీ వినడం. మధ్యలో మా అత్తగారి మీద నావీ కొన్ని చేర్చేదాన్ని. ఎన్నాళ్లకో నా నోటికి పని దొరికింది.

చుక్కల మందు తర్వాతి విడత వచ్చింది. నర్సు నన్ను మళ్లీ గుడిసెలకే పంపబోయింది. సోమవారం గుడిసెలకు వెళ్తాను, ఆదివారం కాలనీ షామియానాలోనూ కూర్చుంటాను అన్నాను. కూర్చున్నాను. పక్కింటావిడ కొడుకును చంకనెత్తుకుని వచ్చి, నర్సు కోసం అటూ ఇటూ చూసింది.

"నేనే వేస్తానండి. వద్దనుకుంటే మేడ్చల్‌లో ఆసుపత్రి ఉంది, ఇప్పుడే బస్సు వస్తుంది," అన్నాను, వరసలో అందరికీ వినపడేలా.

ఆవిడ బస్సే ఎక్కింది. వెనకున్న అమ్మాయి కాసేపు తటపటాయించి, బిడ్డను నా చేతికి అందించింది. ఆ తర్వాత వరస కదిలింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం అవ్వ, పెద్ద కోడలు మా వీధిలోకి వచ్చారు. చిన్న కోడలికి ఆడపిల్ల పుట్టింది, ఉయ్యాలలో వేసే రోజు దగ్గరపడింది. కాలనీ ఆడవాళ్లంతా కూరగాయల బండి చుట్టూ ఉన్నారు. పక్కింటావిడ కూడా వంకాయలు ఏరుతోంది. పెద్ద కోడలి చేతిలో కుంకుమ డబ్బా ఉంది.

"లోపటికి నడువు బిడ్డ, బొట్టు పెట్టి పిలుస్తం," అంది అవ్వ. "పిల్లను తొట్టెలల ఏసేది నువ్వే."

పిలవడానికి వచ్చినవాళ్లను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టడం మర్యాద. మంచినీళ్లైనా ఇవ్వాలి. ఆ మర్యాద తర్వాత చేద్దామనుకున్నాను. గేటు తీసుకుని వీధిలోకే వచ్చాను. బండి పక్కన, ఎండలో, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుని నిలబడ్డాను.

"ఇక్కడే పెట్టమ్మా," అన్నాను. "కాస్త పెద్దదిగా పెట్టు."