పడమటి ఎండని తూర్పుకి తిప్పిన సంగతి

తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఏం పని చేస్తున్నావని ఎవరైనా అడిగితే "ఇళ్ళు కడుతున్నా" అని చెప్పేవాణ్ణి. అబద్ధమేం కాదు. రోజుకి రెండిళ్ళు కట్టేవాణ్ణి. ఇటుక లేదు, సిమెంటు లేదు, మేస్త్రీతో తగువు లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ కదిపితే గోడలు లేచేవి. మా ఆఫీసు రెండు గదుల వాటా. కిటికీలోంచి చూస్తే రాళ్ళగుట్టల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి పెద్ద భవనం కనిపించేది. దాన్ని చూసినప్పుడల్లా మా ఓనరు తనే కట్టినట్టు మీసం సవరించుకునేవాడు.

ఓనరుకి మియాపూర్ దగ్గర కొంత స్థలం ఉండేది. అందులో అపార్ట్‌మెంట్లు కట్టబోతున్నాడు. కట్టకముందే అమ్ముకోవాలి. అందుకని రేపటి ఇంటిని ఇవాళే తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ తెప్పించి, సివిల్ డిప్లొమా చేసి అనంతపురం నుంచి వచ్చిన నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. ఆరు నెలలు చూసి, పని నచ్చితేనే ఉంచుతానన్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావుడెవడో మంచు కురిసే దేశంలో పుట్టినవాడు. నాలుగు గోడలు గీస్తే చాలు, అడక్కుండానే పైన ఏటవాలు కప్పు పెట్టేసేది. డాబా కావాలి మొర్రో అన్నా వినదు. వాలుని సున్నా చేస్తే అలిగి ఆగిపోయేది. తల ప్రాణం తోకకొచ్చాక, పైన ఇంకో అంతస్తు గీసి, దాని గోడల్ని నడుమెత్తుకి కోసేసి పిట్టగోడ అనిపించాను. దాని సామాన్ల జాబితాలో చలికాచుకునే పొయ్యిలు నాలుగు రకాలున్నాయి గానీ దేవుడి గది ఒక్కటీ లేదు. బట్టల బీరువాకి తలుపులు పీకేసి దేవుడి గది చేశాను. పూలకుండీని నిలువునా సాగదీసి తులసికోట చేశాను. చేతులు కడుక్కునే సింకుని నేలలోకి దించితే మన మరుగుదొడ్డి తయారైంది. ఆ రోజు ఓనరు ఆనందం పట్టలేక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. హైదరాబాద్‌లో నన్ను మించిన ఇంజనీరు లేడని నాకు అప్పుడే రూఢి అయిపోయింది.

అసలు చిక్కు దిక్కులతో వచ్చింది. ఆ స్థలానికి రోడ్డు పడమర వైపు. కాబట్టి సింహద్వారాలన్నీ పడమరకే. వచ్చినవాళ్ళంతా బొమ్మ చూసి మురిసిపోయి, చివర్లో "ఈస్ట్ ఫేసింగ్ లేదా?" అని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. పడమరలోనే ఏదైనా మంచి వెతికిపెట్టమని ఓనరు ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు.

సిద్ధాంతిగారు కుర్చీలో సర్దుకుని, సంచీలోంచి దిక్సూచి తీసి, తెర మీద నేను కట్టిన ఇంటి దిక్కులు చూడటానికి దాన్ని తీసుకెళ్ళి మానిటర్ నెత్తిన పెట్టారు! ఆ కాలపు డబ్బా మానిటర్‌లో అయస్కాంతం ఉంటుందాయె. ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది. ఆయన ముఖం నల్లబడింది. "ఇల్లు దోషం కాదు, ఈ బల్ల దోషం" అన్నారు. బల్లని నైరుతి మూలకి జరిపాం. ముల్లు ఊగుతూనే ఉంది. ఈశాన్యానికి జరిపాం. వైర్లు చాలక కంప్యూటర్ ఆరిపోయింది గానీ ముల్లు కాసేపటికి కుదురుకుంది. అప్పుడాయన తృప్తిగా తలాడించారు. మళ్ళీ ఆన్ చేయగానే షరా మామూలే.

ఓనరు పరేషాన్ అయిపోయి నా చెవి దగ్గర వంగాడు. తెర మూల ఉత్తరం చూపించే చిన్న బాణం గుర్తు ఉంటుంది.

"తమ్మీ, గా బాణాన్ని జర అటు తిప్పరాదు? ఇల్లు తిప్పుడు కష్టంగనీ, బాణం తిప్పుడు ఎంతసేపు?"

"సార్, అట్ల తిప్పితే పడమర తూర్పయిపోతుంది."

"గదే కద మనకు గావాల్సింది! ఫికర్ చెయ్యకు. ఇల్లు లేసేదాక సూర్యునితోని మనకేం పని?"

నాకు ఉద్యోగం పర్మనెంట్ కావడానికి ఇంకా రెండు నెలలుంది. నూట ఎనభై అని కొట్టాను. బాణం గిర్రున తిరిగింది. ఇల్లు ఎక్కడున్నది అక్కడే ఉండి, ప్రపంచం దాని చుట్టూ తిరిగిపోయింది. సిద్ధాంతిగారు బాణం చూసి దివ్యంగా ఉందన్నారు. ఇంకేం! ఫ్లాట్లు వేడి వేడి మిర్చీబజ్జీల్లా అమ్ముడైపోయాయి. స్థలం చూస్తామన్నవాళ్ళని ఓనరు సరిగ్గా మిట్టమధ్యాహ్నమే తీసుకెళ్ళేవాడు. అక్కడ ఉన్నవి తుమ్మచెట్లూ పునాది గుంతలూ, నడినెత్తిన సూర్యుడూ. ఏది తూర్పో ఓనరు చెయ్యి ఎటు చూపిస్తే అటు. ఒక్కడంటే ఒక్కడు సాయంత్రం దాకా ఆగి చూడలేదు. అందరి చేతుల్లోనూ నేను ప్రింటు తీసిచ్చిన రంగుల కాగితం ఉండేది, దాంట్లో సూర్యుడు కూడా ఉండేవాడు మరి.

అలాంటి రోజుల్లో ఒక సిస్టర్ వచ్చింది. గుంటూరు వైపు మనిషి, పెద్దాసుపత్రిలో నర్సు. నలభై దాటి ఉంటాయి. ఈశాన్యం, నైరుతి ఆవిడకేం పట్టలేదు. "మేం చర్చికెళ్ళేవాళ్ళం బాబూ, మాకు వాస్తు లేదు" అని ముందే చెప్పేసింది. ఆవిడ అడిగింది ఒకే ఒక్కటి.

"నాకెప్పుడూ నైట్ డ్యూటీయే. పొద్దున పదింటికి పడుకుంటే సాయంత్రం ఐదింటికి లేస్తా. ఇప్పుడుండే కిరాయి గది రేకులది, మధ్యాహ్నం పెనం మీద పడుకున్నట్టే. మొన్నొక రోజు నిద్ర చాలక వేరే పేషెంటుకి ఇవ్వాల్సిన సూది ఇంకొకళ్ళకి ఇవ్వబోయాను. పక్కనున్న పిల్ల చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. నాకు మధ్యాహ్నం ఎండ పడని పడగ్గది చూపించు బాబూ. ఇంకేమీ వద్దు."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఓనరు వెనకే నిలబడి ఉన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో గంటలు మారుస్తే ఎండ ఎక్కడెక్కడ పడుతుందో చూపించే సదుపాయం ఉంది. "చూపించు తమ్మీ" అన్నాడు. చూపించాను. సింహద్వారం పక్కనున్న పడగ్గది. పొద్దున ఎనిమిదింటికి కిటికీలోంచి ఎండ వచ్చింది. పదకొండుకి వెళ్ళిపోయింది. పన్నెండు, రెండు, నాలుగు. గది చల్లగా, నీడగా, మంచం మీద నీలం దుప్పటితో ఎంత ముద్దుగా ఉందో! అది నిజానికి పడమటి గది. మధ్యాహ్నం తిరిగిన దగ్గర్నుంచి ఆవిడ నిద్ర లేచేదాకా అక్కడ ఎండే. సిస్టర్ తెర దగ్గరగా వంగి ఆ నీడని వేలితో తాకింది. అప్పటికప్పుడే సంతకం పెట్టేసింది.

నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఐదో రోజు పొద్దున్నే బస్సెక్కి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాను. డ్యూటీ దిగి, కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది.

"సిస్టర్, ఆ గది తీసుకోవద్దండి. అది తూర్పు కాదు, పడమర. ఉత్తరాన్ని నేనే తిప్పాను."

ఆవిడ నన్ను కాసేపు ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "దేవుడు పెట్టిన దిక్కుల్ని నువ్వు తిప్పడమేంటి బాబూ? రాత్రంతా మేలుకుంది నేను, కలవరింతలు నీవా?"

"కాదండీ, కంప్యూటర్‌లో..."

"కంప్యూటర్‌లో నా కళ్ళారా చూశానుగా! అంత ఖరీదైన మెషీన్ తప్పు చెబుతుందా?" అంతలో ఆవిడ నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించింది. "ఆ ఫ్లాటు ఎవరికైనా మాటిచ్చాడా మీ ఓనరు? నన్ను తప్పించమని నిన్ను పంపించాడా? ఆ పప్పులు నా దగ్గర ఉడకవని చెప్పు."

ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. నేనేం చేశానో చెప్పనా? హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నిజం చెప్పేశాను, నమ్మకపోతే నా తప్పా! పక్క హోటల్లో కూర్చుని రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. గడువు కాగానే నా ఉద్యోగం పర్మనెంట్ అయింది.

ఏడాదిన్నరకి ఇళ్ళు లేచాయి. తూర్పు సింహద్వారాలకి పడమటి ఎండ కొడుతుంటే కొన్నవాళ్ళు లబోదిబోమన్నారు. మళ్ళీ అదే సిద్ధాంతిగారు వచ్చి, వెనకనున్న గిన్నెలు తోముకునే బాల్కనీయే అసలు సింహద్వారమని తేల్చారు. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు, చేతిలో బ్రీఫ్‌కేసులతో, వెనక కొత్తగా వేయించుకున్న ఇనప మెట్లెక్కి, అంట్లు దాటుకుంటూ ఇళ్ళలోకి వెళ్ళడం నేను చూశాను. వాళ్ళ సంగతి నాకు నవ్వే తెప్పించింది.

సిస్టర్ గృహప్రతిష్ఠ ప్రార్థనకి నన్నూ పిలిచింది. మూడింటికి మొదలైంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తూ ఒక్కో గదిలోకీ నడిచారు. మేమంతా వెనకాలే. ఆ పడగ్గది తలుపు తీసేసరికి ఎండ ముఖాన కొట్టింది. మంచం సగానికి ఎండ పరుచుకుంది. నీలం దుప్పటి, అచ్చం నేను చూపించిన రంగుదే, వెతికి మరీ కొనుక్కుందట. పాస్టరుగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. సిస్టర్ మాత్రం కళ్ళు తెరిచి కిటికీ వంక చూస్తోంది. అందరితో పాటు "ఆమెన్" అంది.

భోజనాలప్పుడు నా పక్కకొచ్చి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ రోజు నువ్వు చెప్పావు, నేనే నవ్వాను. నిజమే" అంది. "కానీ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయావేం బాబూ? ఒక్కసారి సాయంత్రం నాలుగింటికి ఆ గుంతల దగ్గరికి తీసుకొచ్చి నిలబెడితే సరిపోయేదిగా. కంప్యూటర్ కంటే సూర్యుణ్ణే నమ్మేదాన్ని."

ఆటోలో పావుగంట దారి అది. ఏడాదిన్నరలో ఒక్క సాయంత్రం కూడా నాకు తీరిక దొరకలేదని చెప్పనా?

"రాత్రికి డ్యూటీ ఉంది. కాసేపు నడుం వాల్చాలి" అంటూ లేచింది. చుట్టాలు ఇంకా తింటూనే ఉన్నారు. ఆవిడ కొత్తింట్లో గదులన్నీ ఒక్కొక్కటే తొంగి చూసుకుంటూ వెళ్ళి, చివరికి వంటింటికీ బాత్‌రూమ్‌కీ మధ్య కిటికీ లేని సందులో చాప పరుచుకుని, కళ్ళ మీద కొంగు కప్పుకుని పడుకుంది.