కొండ అవతలికి అందని ఛానల్

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా తెలుగు కార్యక్రమం టీవీలో వచ్చేది. కేబుల్లో కాదు, డిష్‌లో కాదు. కిటికీ దగ్గర చిన్న యాంటెనా పెట్టుకుంటే చాలు, గాలిలోంచి ఉచితంగా అందేది. ఈ మాట చెబితే ఇక్కడ కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో పుట్టిన మా పిల్లలు నన్ను రాతియుగం మనిషిని చూసినట్టు చూస్తారు. చూడనీ. చాలా ఏళ్లు ఆ గంటకు నేనే యాంకర్‌ని.

యాంకర్ అనగానే ఏదేదో ఊహించుకోకండి. కార్యక్రమం నడిపేది కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఒక అంకుల్. స్టూడియో అంటే ఆయన ఇంటి గరాజ్. ఒక పక్క నేను వార్తలు చదివే బల్ల, ఇంకో పక్క వంటల బల్ల, మధ్యలో ఎవరూ జరపలేని వాషింగ్ మెషిన్. శనివారం మధ్యాహ్నం షూటింగ్, మర్నాడు ప్రసారం. ఛానల్ మాత్రం మాది కాదు. ఒక పెద్దాయన, ఇక్కడి అమెరికనే, కొండ మీద చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని నడిపే తక్కువ పవర్ స్టేషన్ అది. గంటల చొప్పున అద్దెకిచ్చేవాడు. మా ముందు వియత్నాం వాళ్ల పాటలు, మా తరవాత ఒక చర్చి ప్రార్థన.

"ఇంకా టీవీలో ఎవరు చూస్తున్నారండీ, యూట్యూబ్‌లో పెట్టేయొచ్చు కదా" అని పార్టీల్లో ప్రతివాళ్లూ ఓ సలహా పడేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. చూసేవాళ్లు చూస్తారు, మీరు ముందు ఆ బిర్యానీ సంగతి చూడండి అనబోయి, మా ఆయన మొహం చూసి ఊరుకునేదాన్ని.

వంటల బల్ల దగ్గర నిలబడే ఆంటీది తెనాలి వైపు. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, ఫ్రీమాంట్‌లోనే కూతురి దగ్గర ఉండేది. మేం పిలవలేదు, తనే వచ్చి అడిగింది. "పది నిమిషాలియ్యండి చాలు, ఏది చెయ్యమంటే అది చేస్తా" అంది. ఎండా వానా ఏదైనా ఒక్క శనివారం మానలేదు. జ్వరంతో వచ్చి కాకరకాయ వేపుడు చేసిన రోజు నాకు గుర్తుంది. అంత పట్టుదల దేనికో మాకెవరికీ తట్టలేదు. టీవీలో కనపడాలనే సరదా అనుకున్నాం. ముసలితనంలో ఇదేం పిచ్చి అని నేను కూడా ఒకటి రెండుసార్లు మా ఆయన దగ్గర నవ్వాను.

వంటయ్యాక గిన్నె మీద మూత పెట్టేది. చేతులు తుడుచుకునేది. కెమెరాలోకి నేరుగా చూసి, "తిన్నావా?" అనేది. అని, జవాబు కోసం ఆగినట్టు కాసేపు అలాగే చూస్తూ ఉండేది. ఆ చూపుకి మా అంకుల్‌కి టైం దండగని బాధ. జనానికేమో అదే నచ్చింది. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ఏరుకుంటున్నవాళ్లు కూడా ఆవిణ్ణి చూసి, "తిన్నావా ఆంటీ వచ్చారు" అనుకునేవాళ్లు.

ఒక వారం బంగారం షాపు ప్రకటన ఎక్కువై, అంకుల్ ఆ చివరి ముక్క కత్తిరించేశాడు. ఆంటీ ఆదివారం పదింటికల్లా ఆయన గుమ్మంలో ఉంది. కూరగాయల సంచీ మర్చిపోయానని నేనూ అప్పుడే అక్కడికి వెళ్లాను. ఆవిడ అరవలేదు. గోడ పట్టుకుని, "మిగతాదంతా కత్తిరించుకోండి. వంట మొత్తం తీసేసినా సరే. అదొక్కటి ఉంచండి" అంది. అంకుల్ బిత్తరపోయాడు. "అయ్యో అక్కా, గదేం పెద్ద ముచ్చట, వచ్చే వారం పెడ్తగదా" అన్నాడు. ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడింది.

నేను కార్‌లో ఎక్కించుకుని వాళ్లింటికి బయల్దేరాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆవిడ ముందు అద్దంలోకి చూస్తూనే చెప్పింది. చిన్నకొడుకు జైల్లో ఉన్నాడు. ఈస్ట్ కోస్ట్‌లో ఉద్యోగమని కూతురు అందరికీ చెబుతోంది గానీ, తూర్పు కొండల అవతల జైల్లో ఉన్నాడు. తాగి కారు నడిపాడు. సైకిల్ మీద వెళ్తున్న ఒక అమ్మాయిని గుద్దేశాడు. ఆ అమ్మాయి బతకలేదు.

"వాడు చేసింది తప్పు కాదని నేననను. ఒక తల్లి కడుపు కాలిపోయింది. ఆవిడ కోర్టులో నా వంక చూసింది, ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను" అంది. "కానీ నేనూ కన్నాను కదమ్మా. ఏం చెయ్యమంటావు?"

ఏం చెయ్యమనను? మొదటిసారి చూడ్డానికి వెళ్తే, లోహాన్ని పసిగట్టే గేటు ఆవిడ గాజులకి మోగిందట. పెళ్లినాటి గాజులు, చేతికి బిగిసిపోయి ఉన్నాయి. సబ్బు రాసి లాగితే తోలు లేచింది. వాడు ఆ చెయ్యి చూశాడు. ఇంకెప్పుడూ రావద్దన్నాడు, తరవాత చూడ్డానికి వచ్చేవాళ్ల వివరాల్లోంచి తల్లి పేరే తీయించేశాడు. ఉత్తరం రాస్తే జవాబుండదు. ఫోన్ చేసే వీలున్నా చేయడు. సిగ్గు. తల్లికి మొహం చూపించలేడు.

అయితే లోపల టీవీ ఉంటుంది. ఏదీ దాచే వీల్లేకుండా, పేగులన్నీ బయటికి కనపడే అద్దంలాంటి ప్లాస్టిక్ టీవీ కొనుక్కోనిస్తారట. ఇంటర్నెట్ లేదు. యాంటెనాకి ఏవి అందితే అవే. మా ఛానల్ కొండ మీంచి అటువైపుకి కూడా దిగుతుందని ఆవిడ ఎవర్నో అడిగి తెలుసుకుంది. నన్ను చూడ్డానికి వాడు ఒప్పుకోకపోతే, నేనే వాడికి కనపడతాననుకుని మా గరాజ్‌కి వచ్చింది.

"చూస్తున్నాడని నమ్మకమేంటి ఆంటీ?" అని అడిగాను. అడక్కూడదేమో, కానీ నా నోరు ఊరుకోదు.

"ఒక్కసారి ఫోన్ చేశాడు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలోకి రంగొచ్చింది. "ఎలా ఉన్నావని కూడా అడగలేదు. 'పప్పుచారులో మెంతులు మాడాయి, నువ్వు చూసుకోలేదు' అన్నాడు. నిజంగానే మాడాయమ్మా ఆ వారం."

ఆ రోజు ఇంటికొచ్చి నేను చాలాసేపు కార్‌లోనే కూర్చున్నాను. సరదా అని నవ్విన నా మొహానికి ఏం చెప్పను. ఆ తరవాత ఆ చివరి ముక్క జోలికి అంకుల్‌ని ఎవరూ పోనివ్వలేదు. అంకుల్‌కి సంగతంతా నేనే చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "ఇక మీద అక్క పది నిమిషాలు కాదు, పావుగంట జేస్తది" అన్నాడు.

కొన్నాళ్లకే ఆ ఛానల్‌కి మూడింది.

ఈ సంగతి నేను మా ఇంట్లోనే ముందు విన్నాను గానీ, అది మా గురించేనని అప్పుడు అర్థం కాలేదు. మా ఆయన సన్నీవేల్‌లో ఇంజనీరు, కొత్త ఫోన్లు ఏయే బ్యాండ్లలో, అంటే గాలిలో ఏయే తరంగాల మీద, ఎలా పనిచేస్తాయో పరీక్షిస్తాడు. నెలల తరబడి భోజనాల దగ్గర అదే పాట. "టీవీ వాళ్ల దగ్గర్నుంచి తీసుకున్న బ్యాండ్ ఇది. నంబర్ వన్ కవరేజ్ వస్తుంది, గోడల్లోంచి కూడా దూసుకెళ్తుంది" అనేవాడు. బేస్‌మెంట్‌లో వీడియో ఆగదు, హైవే మీద కాల్ కట్ అవదు. నేను పెరుగు వడ్డిస్తూ ఊఁ కొట్టేదాన్ని.

ఛానల్ ఖాళీ చెయ్యమని స్టేషన్ పెద్దాయనకి ప్రభుత్వం నుంచి కబురొచ్చిందని అంకుల్ చెప్పిన రోజు, నేను నేరుగా మా ఆయన్నే నిలదీశాను. ఆయన ఓపిగ్గానే చెప్పాడు. ఫోన్లలో డేటా వాడకం విపరీతంగా పెరిగింది. అందుకని టీవీ ఛానళ్లలో పై వరసంతా ఖాళీ చేయించి, వేలం వేసి, ఫోన్ కంపెనీలకిచ్చారు. పై వరసలోని పెద్ద స్టేషన్లను కింది వరసల్లో సర్దారు. "మీది లో పవర్ కదా. అలాంటివాటిని ప్రొటెక్ట్ చెయ్యాలని రూల్ లేదు. మిగిలినదాంట్లో ఎక్కడైనా ప్లేస్ ఉంటే చూస్కోవాలి" అన్నాడు.

నాకర్థమైంది ఇదీ. బస్సులో సగం సీట్లు అమ్మేశారు. టికెట్లున్నవాళ్లని మిగతా సగంలో కూర్చోబెట్టారు. నిలబడి ప్రయాణం చేసేవాళ్లని దిగమన్నారు. మేం మొదట్నుంచీ నిలబడే ఉన్నాం, ఆ సంగతి మాకు తెలియలేదు, అంతే.

"అంటే నువ్వే లాక్కున్నావన్నమాట" అన్నాను. తప్పు మాటే. ఆయన ఒక్కడు ఏం చేశాడు పాపం, జీతానికి పనిచేసే మనిషి. కానీ ఆ పూట ఇంట్లో ఎవరిమీదైనా విరుచుకుపడాలి, ఎదురుగా ఆయనే ఉన్నాడు.

స్టేషన్ పెద్దాయన ఊరికే కూర్చోలేదు. వెతికి వెతికి ఇంకో ఛానల్ సంపాదించాడు. అయితే అది దక్షిణంగా ఉన్న వేరే కొండ మీంచి వేయాలి. అంకుల్ గరాజ్‌లో ఈ సంగతి చెబుతుంటే అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆంటీ మాత్రం ఉల్లిపాయ తరుగుతున్న కత్తి ఆపి, "కొత్త కొండ నుంచి అవతలికి వస్తుందా?" అని అడిగింది. మీ ఆయన్నడుగు అన్నట్టు అంకుల్ నా వైపు చూశాడు.

పాతది ఆపేలోగా కొత్తదాన్ని కొన్నాళ్లు పరీక్షగా వదిలారు. ఒక ఆదివారం మా ఆయన, నేను, ఆంటీ కార్‌లో కొండలు దాటి వెళ్లాం. వెనక సీట్లో ఆవిడ పక్కన చిన్న టీవీ, ఒక యాంటెనా. ఇది మా ఆయన ఆలోచనే. నేను అన్న మాట ఆయనకి గుచ్చుకుందని నాకు తెలుసు. జైలుకి దగ్గర్లో, రోడ్డు పక్కన చెర్రీపళ్లు అమ్మే పాక ముందు ఆపాం. ఎండిపోయిన గడ్డి, దూరంగా బూడిదరంగు గోడలు, పొడుగాటి దీపస్తంభాలు. ఆంటీ ఆ గోడల వైపు తిరిగి కూర్చుంది.

తొమ్మిదింటికి పాత ఛానల్ పెట్టాడు. నా మొహం అద్దంలా వచ్చింది, తరవాత ఆంటీ, ఆ వారం దోసకాయ పప్పు. తెరమీద తనని తాను చూసుకోకుండా ఆవిడ ఆ గోడలనే చూస్తోంది. వాడూ ఇదే చూస్తున్నాడు కదా ఇప్పుడు, అంది.

మా ఆయన కొత్తదాని కోసం వెతికించాడు. టీవీ ఛానళ్లన్నీ తిరిగొచ్చింది, అది దొరకలేదు. యాంటెనా కారు పైన పెట్టాడు. పాక మీదకెక్కించమని అమ్మేవాణ్ణి బతిమాలాడు. చెమటలు కక్కుతూ నాలుగువైపులా తిప్పాడు. నల్ల తెర. కొత్త కొండకీ మాకూ మధ్య పాత కొండలే అడ్డం.

ఆయన వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎందుకో అలవాటుగా ఫోన్ తీసి చూశాడు. నేనూ చూశాను. కొత్త బ్యాండ్, సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

"బాబూ, నీ ఫోన్‌లో వస్తుందా మన ప్రోగ్రాం?" అని ఆంటీ వెనకనుంచి అడిగింది.

"యూట్యూబ్‌లో పెడితే వస్తుందండీ. ఇక్కడ చాలా బాగా వస్తుంది" అన్నాడు ఆయన.

"గోడ లోపల కూడానా?"

"లోపల కూడా వస్తుందండీ సిగ్నల్."

"వాడి దగ్గర ఫోన్ ఉండకూడదు కదా" అంది ఆవిడ. మామూలుగానే అంది. తరవాత కాసిన్ని చెర్రీపళ్లు కొని మా పిల్లలకిమ్మని నా చేతిలో పెట్టింది. ఇంటిదాకా మా ఆయన రేడియో పెట్టలేదు.

చివరి షూటింగ్‌కి అంకుల్ నా వార్తలు తీసేసి ఆ టైం ఆవిడకే ఇచ్చాడు. ఏదైనా చెప్పుకో అక్కా అన్నాడు. ఇదే ఆఖరని, ఇక కనపడనని, ఫోన్ చెయ్యమని కొడుక్కి చెబుతుందనుకున్నాం. కూతురు పరువు కోసమో, నలుగురూ చూస్తున్నారనో, ఆవిడ ఏమీ చెప్పలేదు. పప్పుచారు చేసింది. మెంతులు ఒక్కొక్కటే కదుపుతూ, ఎర్రబడగానే దించింది. గరిటెతో కెమెరాకి చూపించింది. మూత పెట్టి, చేతులు తుడుచుకుని, "తిన్నావా?" అంది. అని ఆగింది. అంకుల్ కెమెరా ఆపలేదు. ఆవిడ కళ్లు నిండాయి గానీ తుడుచుకోలేదు. మిగిలిన టైమంతా ఆవిడ చూపే ఉంది. అంకుల్ అందులో ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా ప్రసారానికి పంపాడు.

ఆ వారంలోనే పాత ఛానల్ ఆగిపోయింది. దక్షిణం కొండ మీది కొత్త ఛానల్లో మా గంట ఇంకొన్ని నెలలు కుంటుతూ నడిచి ఆగిపోయింది. ఇప్పుడు యూట్యూబ్‌లోనే ఉన్నాం. చూసేవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో, వర్జీనియాలోని షాంటిలీ నుంచి, విజయవాడ నుంచి, దుబాయి నుంచి. నాకు ఒకప్పుడు సలహాలిచ్చినవాళ్లంతా, చూశారా మేం ముందే చెప్పాం అంటారు. వాళ్ల మాటే నిజమైంది. నా కడుపుమంట మాత్రం తగ్గలేదు.

ఆంటీ ఇంకా వస్తుంది. వాడు బయటికొచ్చాక అన్నీ వరసగా చూసుకుంటాడేమో అంటుంది. దానికింకా రెండేళ్లుంది. మళ్లీ ఫోన్ రాలేదు. ఆ చివరి వారం వాడు చూశాడో, వరసగా కొన్ని ఆదివారాలు నల్ల తెర చూసి తల్లికేమైందనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఛానల్ ఆగిపోయిందని ఆవిడ ఉత్తరం రాసింది. జవాబు లేదు.

వంటంతా మునుపటిలాగే చేస్తుంది. చివర్లో మూత పెట్టి, చేతులు తుడుచుకుని, పక్కకి వెళ్లిపోతుంది. కింద కామెంట్లు వస్తూనే ఉంటాయి, ఆంటీ, తిన్నావా అనడం మానేశారేంటి, అదంటే మాకు ఎంతిష్టమో అని. మొన్న శనివారం అంకుల్ అవి చదివి వినిపించి, "ఒక్కపారి అనరాదు అక్కా, గింతమంది అడుగుతున్రు" అన్నాడు.

ఆవిడ కాదనలేక మూత పెట్టి, చేతులు తుడుచుకుని, కెమెరా ముందుకొచ్చి నిలబడింది. నోరు తెరిచింది. అలాగే కొంతసేపు ఉండి, కెమెరా వెనకున్న నా వైపు తిరిగింది.

"అక్కడెవరున్నారమ్మా అడగడానికి?" అంది.

అంకుల్ కెమెరా ఆపేశాడు.